అన్నం బదులు క్వినోవా: చేదు, ఉబ్బరం ఎందుకు?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మావారికి 52 ఏళ్లు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నారు. ఎండాకాలం తేలిగ్గా ఉంటుందని మధ్యాహ్నం అన్నం మాన్పించి క్వినోవాలో పెరుగు కలిపి పెడుతున్నాను. చేదుగా, ముద్దగా వస్తోంది. కడుపు ఉబ్బరంగా ఉందంటున్నారు. కొనసాగించవచ్చా?

జవాబు: కొనసాగించండి, కానీ కొలిచి పెట్టండి. 60 గ్రాముల గింజలు ఉడికితే సుమారు ఒక కప్పు అవుతుంది. అందులో 38 గ్రాముల పిండిపదార్థం, 8 గ్రాముల ప్రొటీన్, 4–5 గ్రాముల పీచు ఉంటాయి. కప్పు తెల్లన్నంలో పిండిపదార్థం 45 గ్రాములు. తేడా మీరనుకున్నంత పెద్దది కాదు. ప్రొటీన్, పీచు ఎక్కువ కాబట్టి షుగర్ నిదానంగా పెరుగుతుంది, అంతే. మంచిదే కదా అని రెండు కప్పులు పెడితే ఆ లాభం కాస్తా పోతుంది.

చేదుకు కారణం గింజ పైపొరలోని సాపోనిన్లు. కుంకుడుకాయ నురగ కక్కేదీ వీటివల్లే. గింజల్ని నీళ్లలో వేసి అరచేతులతో రుద్దండి, నురగ తగ్గేదాకా మూడు నాలుగు సార్లు నీళ్లు మార్చండి. బియ్యం కడిగినట్టు గిన్నె వంచితే సగం గింజలు సింక్‌లోకి పోతాయి. సన్న జాలీ గానీ పల్చటి గుడ్డ గానీ వాడాలి. కడిగే వచ్చిందని ప్యాకెట్ మీద రాసి ఉన్నా ఒకసారి కడగడం మేలు. సరిగా కడగని గింజ కొందరికి కడుపులో ఇబ్బంది పెడుతుంది. పీచు ఒక్కసారిగా పెరగడం, నీళ్లు తక్కువ తాగడం కూడా ఉబ్బరానికి కారణాలే. మొదటి వారం అరకప్పుతో సరిపెట్టండి.

ముద్దవుతోందంటే బహుశా కుక్కర్లో అన్నం కొలతతో నీళ్లు పోసి విజిల్స్ రానిస్తున్నారు. మూత ఉన్న గిన్నె చాలు. కడిగి వడకట్టిన గింజల్ని రెండు మూడు నిమిషాలు వేయించి, గ్లాసుకు గ్లాసున్నర నుంచి రెండు గ్లాసుల నీళ్లు పోసి, సన్న సెగ మీద 15 నిమిషాలు ఉంచండి. దించాక పది నిమిషాలు మూత తీయొద్దు. ఉడికిన గింజ చుట్టూ తెల్లటి దారంలాంటిది విడివడుతుంది. పురుగేమో అని పారేస్తుంటారు కొందరు. అది మొలక భాగం, ఉడికిందనడానికి గుర్తు.

పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారాకే పెరుగు కలపాలి. వేడి మీద కలిపితే పెరుగు విరిగి నీరు వదులుతుంది. కీరా తురుము, ఉప్పు తినే ముందు వేయండి. మామిడికాయ పులిహోర చేసినా బాగుంటుంది. కప్పు క్వినోవాకు పావుకప్పు తురుము, ఒక చెంచా నూనెతో తాలింపు, గుప్పెడు వేయించిన పల్లీలు సరిపోతాయి. చలవ చేసేది మాత్రం క్వినోవా కాదు. ఆ పని పెరుగు, మజ్జిగ, కీరాలది. వండినది మన మే నెల ఎండల్లో గంటకు మించి బయట ఉంచకండి, ఫ్రిజ్‌లో పెట్టినా మర్నాటికల్లా తినేయండి. ఆఫీసు డబ్బాలో పెట్టేటప్పుడు పెరుగు విడిగా, చల్లగా పంపండి.

ఇక అసలు జాగ్రత్త గ్లిమిపిరైడ్ విషయంలో. పిండిపదార్థం ఒక్కసారిగా తగ్గించినా, భోజనం ఆలస్యమైనా ఈ మాత్రతో షుగర్ బాగా పడిపోవచ్చు. అప్పుడు పట్టే చెమటను ఎండ చెమట అనుకుని వదిలేస్తారు. చేతులు వణకడం, గుండె దడ, ఉన్నట్టుండి ఆకలి కూడా ఉంటే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మాత్రల మోతాదు మీకు మీరే మార్చొద్దు. భోజనానికి ముందు, రెండు గంటల తర్వాత రీడింగులు వారంపాటు రాసి మీ డాక్టర్‌కు చూపించండి.

కిడ్నీ జబ్బు ఉంటే పొటాషియం, ఫాస్ఫరస్ కారణంగా, కిడ్నీలో రాళ్లుంటే ఆక్సలేట్ల కారణంగా ముందు డాక్టర్‌ను అడగాలి. క్వినోవా ధర భారమనిపిస్తే కొర్రలు తెచ్చుకోండి. రెండు గంటలు నానబెట్టి ఇదే కొలతలో వండితే ఇంచుమించు ఇదే ప్రయోజనం, ఖర్చు చాలా తక్కువ.