సమాధానం: 'ఫ్రే హెరుందియో' 1758 స్కాన్‌పై ఇస్లా పేరు ఎందుకు లేదు?

'ఫ్రే హెరుందియో' అనే స్పానిష్ నవలకు మీకు దొరికిన 1758 స్కాన్ సరైనదేనా, దాని మీద రచయిత ఇస్లా పేరు ఎందుకు లేదని అడిగారు. ఆ స్కాన్ సరైనదే. ముఖపత్రం మీద వేరే పేరు ఉండటానికి కారణం, హోసే ఫ్రాన్సిస్కో దె ఇస్లా ఆ నవలను ఫ్రాన్సిస్కో లోబోన్ దె సలజార్ అనే ఫాదర్ పేరుతో వేయించారు. ఆడంబరపు ప్రసంగాలు దంచే చర్చి బోధకుల మీద వ్యంగ్యం అది. జెస్యూట్ (ఒక కాథలిక్ మత సంఘ సభ్యుడు) అయిన ఇస్లా సొంత పేరు పెట్టుకోలేదు.

1. లైబ్రరీ కేటలాగ్‌లో రచయిత దగ్గర లోబోన్ దె సలజార్ అని రోమన్ లిపిలో (Lobón de Salazar) కొట్టండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: 1758లో వచ్చింది మొదటి భాగం మాత్రమే. 1760లో ఇంక్విజిషన్ (కాథలిక్ చర్చి మత విచారణ సంస్థ) దాన్ని నిషేధించింది. 1767లో స్పెయిన్ జెస్యూట్లందరినీ వెళ్లగొట్టింది. రెండో భాగం 1768లో దొంగచాటుగా అచ్చయింది. కాబట్టి సంవత్సరం ఫిల్టర్ తీసేసి, దాన్ని విడిగా వెతకండి.

3. అయినా దొరక్కపోతే టెన్షన్ వద్దు. ఇస్లా పేరుతో వచ్చిన తర్వాతి ముద్రణలు చూడండి, చదవడానికి అవే హాయి.

మీ వ్యాసంలో మాత్రం రచయితగా ఇస్లా (1703–1781) పేరే రాయండి. ప్రవాసంలో, ఇటలీలోని బొలోన్యాలో కన్నుమూసిన ఆయనకు ఆ గుర్తింపు దక్కాలి.