గ్యాస్ బావి వేడి మీద రాసిన యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. థర్మామీటరు బావిలోకి దిగుతున్నంతసేపూ లాగింగ్ బండిలో (లోతు లోతుకూ బావి కొలతలు నమోదు చేసే బండిలో) ఎవరూ మాట్లాడరని రాసిన వాక్యం బాగుంది. ఆ వెంటనే, వంటింటి సిలిండరుకు చెమట పట్టినట్టే బావిలో గ్యాస్ వచ్చే చోటు చల్లబడుతుందని రాసి నాకు కోపం తెప్పించావు. సిలిండరులో ఉన్నది ద్రవం. ఆవిరి కావడానికి కావలసిన వేడిని అది సిలిండరు నుంచే లాక్కుంటుంది. బావిలోకి వచ్చేది రాతిపొరలోనే వాయువుగా ఉంది. పెర్ఫొరేషన్ల గుండా, అంటే బావి గొట్టానికి పొడిచిన రంధ్రాల గుండా, తక్కువ పీడనంలోకి వచ్చి వ్యాకోచించడం వల్ల చల్లబడుతుంది. జూల్, థామ్సన్ పేర్లతో పిలిచే ప్రభావం ఇదే. చమురు, నీరు అదే దారిన వస్తే కాస్త వేడెక్కుతాయి. పీడనం మరీ ఎక్కువైన బావుల్లో గ్యాస్ కూడా వేడెక్కవచ్చు. నీ పోలికను నమ్మిన పాఠకుడికి ఈ రెండు సంగతులూ ఎప్పటికీ అంతుపట్టవు.

అంతకన్నా పెద్ద లోటు, మామూలు ఎంతో చెప్పకుండా వింతను చూపడం. 2,400 మీటర్ల దగ్గర 97 డిగ్రీలు ఉంది కాబట్టి గ్యాస్ అన్నావు. 97 ఎక్కువా, తక్కువా? భూమిలోకి దిగేకొద్దీ కిలోమీటరుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. నేల మీద 30 డిగ్రీలు, కిలోమీటరుకు 30 చొప్పున పెరుగుదల అనుకుంటే ఆ లోతులో రాయి 102 ఉండాలి. ఆ అయిదు డిగ్రీల లోటే నీ వ్యాసానికి ప్రాణం.

కృష్ణా గోదావరి బేసిన్ మీద నేను రాసిన వ్యాసంలో సరిగ్గా ఈ లెక్కనే ఒక సంపాదకుడు కొట్టేశాడు, అంకెలు కనబడితే పాఠకుడు పేజీ తిప్పేస్తాడట. అచ్చయ్యాక డ్రిల్లింగులో పనిచేసే పాఠకుడొకాయన కార్డు రాశాడు: "దేనికన్నా చల్లన?" ఇప్పటి సంపాదకులకు అంకెల భయం తగ్గింది గాని రంగుబొమ్మల మోజు పట్టుకుంది, ఎర్రగా ఉన్న చోటల్లా చమురు ఉందని వేసేస్తారు.

లాగ్ కాగితాన్ని, అంటే లోతును బట్టి వేడిని చూపే రేఖ ఉన్న కాగితాన్ని, కిందినుంచి పైకి చదువు. అట్టడుగు ఉత్పత్తి పొర వరకు రేఖ రాతి ఉష్ణోగ్రతను అంటిపెట్టుకుని వస్తుంది. గ్యాస్ చేరగానే ఎడమకు, అంటే చల్లదనం వైపు, విరుగుతుంది. ఆ పైన రాతి నుంచి వేడి పుచ్చుకుంటూ, కొంత ఎత్తు పోయాక రాతినే మించిపోతుంది, ఎందుకంటే పైకి పోయేకొద్దీ రాయే చల్లబడుతుంది. పై పొర కూడా గ్యాస్ ఇస్తుంటే అక్కడ మరో విరుపు వస్తుంది, కాని ఆ గ్యాస్ కిందినుంచి వచ్చే ప్రవాహంలో కలుస్తుంది కనుక, విరుపుల పొడవు పోల్చి ఏ పొర ఎక్కువ ఇస్తోందో తేల్చకూడదు. నువ్వు అదే చేశావు. కేసింగ్ అనే ఉక్కు గొట్టం వెనక సిమెంటు సరిగా పట్టని సందుల్లో పారే గ్యాస్ లోపల తిరుగుతూ ప్రవాహ వేగాన్ని కొలిచే స్పిన్నరుకు తెలియదు, థర్మామీటరుకు తెలుస్తుంది. ఇంత మంచి సంగతి నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

బావిని చాలినంత కాలం మూసి ఉంచాక తీసిన, రాతి వేడిని చూపే రేఖను, ప్రవహిస్తుండగా తీసిన రేఖను ఒకే కాగితం మీద గీసి, వాటి మధ్య తేడా నుంచి వ్యాసం మొదలుపెట్టి మళ్లీ పంపు. ఏ పత్రికకు పంపాలన్నది ఆ తరువాత చూద్దాం.