బోరు లోతుకు దింపమంటున్నారు, దింపాలా?

ప్రశ్న: మాస్టారూ, మాది సఖినేటిపల్లి మండలంలో సముద్రానికి దగ్గర ఊరు. మా అత్తగారి హయాంలో వేసిన బోరు, 40 అడుగులు. పదేళ్ళ కిందటి వరకూ ఆ నీళ్ళతోనే పప్పు ఉడికేది. ఇప్పుడు వేసవి వస్తే ఉప్పుకషాయం, నోట పెట్టలేం. బోర్లు వేసే ఆయన ఇంకో 60 అడుగులు దింపితే తియ్యటి నీళ్ళు పడతాయంటున్నాడు. దింపించమంటారా?
(పేరు వెయ్యొద్దన్న పాఠకురాలు)

జవాబు: వద్దమ్మా. కనీసం ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా ఆయనకి అడ్వాన్సు ఇవ్వకండి.

మీ వైపు ఇసుక నేలల్లో కిందంతా ఉప్పునీరే. వాననీరూ కాలువ నీరూ ఇంకి దాని మీద తేలుతూ ఉంటాయి, పాల మీద మీగడలాగా. సముద్రపు నీరు మంచినీటికన్నా లీటరుకి ఓ పాతిక గ్రాములు బరువెక్కువ. ఆ కాస్త తేడాలోంచే ఒక లెక్క వచ్చింది: సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిస్తే, ఆ మట్టానికి కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుంది. ఇదే లెక్క తిరగేయండి. మోటారుతో తోడి తోడి పై మట్టాన్ని ఒక అడుగు దించారనుకోండి, కింద ఉప్పు నెమ్మదిగా 40 అడుగులు పైకి జరుగుతుంది. మీ బోరుకి జరిగింది ఇదే అయ్యుంటుంది. ఇప్పుడు ఇంకా దింపడమంటే ఆ ఉప్పుకి ఎదురెళ్ళడమే.

మధ్యలో మందంగా బంకమన్ను పొర ఉంటే లెక్క మారుతుంది, దాని కింద వేరే మంచినీరు దొరకొచ్చు. అది చుట్టుపక్కల లోతు బోర్లు ఉన్నవాళ్ళ నీళ్ళు రుచి చూసి తేల్చుకోవాలి గానీ, అడుగుకింత అని డబ్బు తీసుకునే మనిషి మాట మీద కాదు. ఇంకో సంగతి: సుమారు 6 వేల ఏళ్ళ కిందట సముద్రం ఇప్పటికన్నా చాలా లోపలికి ఉండేది. ఆనాటి ఉప్పు మన కోనసీమ లోతు పొరల్లో ఇంకా దాక్కునే ఉంది.

పెరట్లో పాత నుయ్యి ఉందా? పూడ్చకపోతే అదే మీ ఆస్తి. కొలవండి. ముప్ఫయ్యేళ్ళు నా ఉద్యోగం అదే. ఇనప టేపు చివర సీసం గుండు కట్టి, కింది మీటరుకి సుద్ద రాసి, నూతిలోకి వదిలేవాణ్ణి. పైకి లాగితే సుద్ద ఎక్కడిదాకా తడిసిందో గీత గీసినట్టు కనపడుతుంది. నూతి ఒర మీద ఒకచోట పెయింటుతో చుక్క పెట్టుకోండి, ఎప్పుడూ అక్కణ్ణుంచే కొలవాలి. తెల్లవారుజామున, మోటారు వెయ్యకముందు. కేంద్ర భూగర్భ జల మండలి దేశమంతటా ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తుంది: జనవరి, వేసవి, ఆగస్టు, నవంబరు. మీరు నెలనెలా కొలిస్తే మీ వీధి సంగతి మీకే బాగా తెలుస్తుంది.

కొలవకుండా మాత్రం రాయకండి. నేను రాశాను. ఒక ఏడాది మే నెలలో మేనకోడలి పెళ్ళి హడావుడి. తీరంలో ఒక ఊరికి వెళ్ళలేకపోయాను. కిందటిసారి నీళ్ళు 2.35 మీటర్ల లోతున ఉన్నాయి కదా, ఎండాకాలం కదా అని 2.50 వేసి పంపేశాను. ఆగస్టులో వెళితే ఆ ఇంటి ముసలమ్మగారు అలవాటు ప్రకారం చెంబుతో నీళ్ళిచ్చారు. ఒక గుక్కకే నా మొహం చూసి, “వైశాఖంలోనే ఉప్పయ్యాయి నాయనా, నువ్వు రాలేదేం?” అన్నారు. వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేశాక ఎన్నాళ్ళకి నూతి నీళ్ళు ఉప్పుకి తిరిగాయి, మట్టం ఎంతకి దిగాక తిరిగాయి, అవన్నీ దొరకాల్సిన పేజీ అది. అక్కడ చక్కటి దస్తూరీతో 2.50 అని ఉంది.

రెండో పని, టీడీఎస్ పెన్ను, అంటే నీళ్ళలో కరిగిన లవణాలు ఎన్నో చూపించేది. వాటర్ ప్లాంటు కుర్రాళ్ళ దగ్గర ఉంటుంది, అడిగి తెచ్చుకోండి. తాగేనీటికి లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిది, వేరే దారి లేనప్పుడు 2,000 దాకా ఫరవాలేదని భారతీయ ప్రమాణం. మోటారు వెయ్యగానే ఒకసారి, అరగంటయ్యాక ఇంకోసారి చూడండి. రెండో అంకె బాగా పెరిగిందంటే బోరు కిందనుంచి ఉప్పుని లాగుతోందన్నమాట. అప్పుడు చిన్న మోటారు పెట్టి, కాసేపు తోడి కాసేపు ఆపండి. డాబా మీద వాననీరు పాత నూతిలోకి ఇంకేలా, ఇసుకా కంకరా వేసి వడకట్టే ఏర్పాటు చేయించండి. 

ప్రశ్న: కాట్రేనికోన మండలం రైతుని. చేలో తెల్లగా చౌడు పొంగుతోంది. జిప్సం చల్లమని ఎరువుల కొట్టు ఆయన అన్నాడు. ఎకరానికి ఎంత?

జవాబు: ఎకరానికి సున్నా, బహుశా. జిప్సం పనిచేసేది కారు చౌడుకి, అంటే సోడియం పట్టిన క్షార నేలకి. మీరు రాసినదాన్ని బట్టి మీది పాల చౌడు, అంటే ఉప్పు పైకి తేలి తెల్లగా పేరుకునేది. దానికి మందు మంచినీళ్ళే: పెట్టాలి, నిలవాలి, మురుగులోకి పోవాలి. డ్రెయిను పూడిపోయి ఉంటే ఎన్ని నీళ్ళు పెట్టినా ఉప్పు చేలోనే తిరుగుతుంది. మట్టి పరీక్ష చేయించండి. లవణాల కొలత ఈసీ 4 దాటి, పీహెచ్ 8.5 లోపుంటే పాల చౌడే. వరికి ఈసీ 3 దాటినప్పటి నుంచే దిగుబడి తగ్గుతుంది. పక్క రొయ్యల చెరువు గట్టు నుంచి ఊట దిగుతోందేమో కూడా చూడండి. దిగుతుంటే గట్టు వెంట ఊట కాలువ తవ్వించమని వాళ్ళని అడగండి, ముందు మంచిగానే.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను సార్, అంతర్వేది దగ్గర. సముద్రం పెరుగుతోందా, మన నేల కుంగుతోందా? ప్రాజెక్టు చెయ్యాలనుంది.

జవాబు: రెండూనూ. ఉపగ్రహాల కొలతల ప్రకారం 1993 నుంచి ప్రపంచ సముద్ర మట్టం సగటున ఏడాదికి 3 మిల్లీమీటర్ల పైచిలుకు పెరుగుతోంది. ఇక మన నేల గోదారి తెచ్చి పోసిన ఒండ్రు, తనంతట తనే అణిగిపోతూ ఉంటుంది. ఏటా కొత్త ఒండ్రు వచ్చి ఆ లోటు పూడ్చాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్ళు 2004లో వేసిన పత్రం చూడు: పోలవరం దగ్గర కొలిచిన ఒండ్రు 1970ల్లో సుమారు 15 కోట్ల టన్నులు, 1990ల్లో 6 కోట్ల లోపు. మిగతాది ఎగువ ఆనకట్టల వెనక ఆగిపోతోంది.

అమెరికా ఉపగ్రహాలు ల్యాండ్‌శాట్ తీసిన చిత్రాలు 1972 నాటివి మొదలుకొని ఉచితంగా దొరుకుతాయి. మొదటివాటిలో ఒక చుక్క (పిక్సెల్) అంటే నేల మీద సుమారు 80 మీటర్లు, కాబట్టి వాటితో పది మీటర్ల కోత తేల్చాలని చూడకు. 2015 నుంచి ఉన్న ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-2లో చుక్క 10 మీటర్లు. పోటు మీదున్న చిత్రాన్ని పాటు చిత్రంతో పోల్చి “సముద్రం ముందుకొచ్చింది” అని రాసేవాళ్ళు చాలామంది, నువ్వు ఆ పని చెయ్యకు. చిత్రంతో పాటు ఒడ్డున కూడా కొలువు. మీ ఊళ్ళో లైట్‌హౌస్ ఉంది కదా, కదలని గుర్తు అదే. దాని గోడ నుంచి నీటి అంచు దాకా, ప్రతి పౌర్ణమికీ పోటు సమయంలో. తాడు నైలాన్‌ది వద్దు, లాగితే సాగుతుంది. టేపు కొనుక్కో.