హనుమకొండలో సీనియర్ సిటిజన్ల కేంద్రానికి అమ్మానాన్నలను పంపొచ్చా? మా బాపు 11 రోజులు పోయి మానేశాడు

మీరు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నారు, అమ్మానాన్న హనుమకొండలో ఇద్దరే ఉంటున్నారు. ఇంటి దగ్గర్లో సీనియర్ సిటిజన్ల కేంద్రం ఉంది కానీ, వెళ్లొచ్చిన వాళ్లంతా పెదవి విరుస్తున్నారు, అయినా పంపొచ్చా అని అడిగారు. మీరు చెప్పిన కేంద్రం నేను చూడలేదు. ఇదే ఊళ్లో ఇంకో కేంద్రానికి మా బాపును తీసుకెళ్లాను. 11 రోజులు పోయాడు, పన్నెండో రోజు చెప్పులు వేసుకోలేదు. అక్కడ ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్తాను, మీకు పనికొస్తుంది.

మా బాపు వరంగల్‌లో ఆజంజాహి బట్టల మిల్లులో మగ్గాల మీద పనిచేశాడు. నిజాం కాలంలో, 1934లో పెట్టిన మిల్లు అది. 2002లో మూతపడేదాకా అదే ఆయన లోకం. అమ్మ పోయాక వరంగల్ కరీమాబాద్‌లో ఒక్కడే ఉండొద్దని నేనే పట్టుబట్టి హనుమకొండకు, మా ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు 79 ఏళ్లు. మేమిద్దరం డ్యూటీకి, పిల్లలు కాలేజీకి పోతే పొద్దంతా గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఎవరి బండి హారన్ వినిపించినా లేచి గేటు తీసేవాడు. అది చూసి తట్టుకోలేక కేంద్రం సంగతి కనుక్కున్నాను.

మొదటి రోజు ఇస్త్రీ ధోతి కట్టుకుని, జేబులో పెన్ను పెట్టుకుని తయారయ్యాడు. బోర్డు మీద 9 గంటలకని రాసి ఉంది. తాళం తీసేసరికి 10:20 అయింది. అప్పటిదాకా మెట్ల మీదే కూర్చున్నాం. తాళం చెవి కోసం ఊడ్చే ఆమె ఎవరింటికో పోయి రావాలట. ఆమె తప్పేం లేదు. ఊడ్చేది ఆమే, నీళ్లు నింపేది ఆమే, రిజిస్టరులో సంతకాలు పెట్టించేదీ ఆమే. వచ్చీరాగానే బాపుకు మంచినీళ్లు తెచ్చిచ్చింది. నిజానికి ఆ 11 రోజుల్లో ఆయనను "రా కాకా, కూసో" అని పిలిచింది ఆమె ఒక్కతే.

లోపల పెద్ద హాలు, టీవీ, రెండు క్యారమ్ బోర్డులు, నాలుగైదు పేపర్లు. వసతులు లేవని నేననను. బాపు ఫ్యాన్ కింద ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. దాని వీపు మీద ఒక తువ్వాలు వేసి ఉంది. కాసేపటికి ఒకాయన వచ్చి, ఏమీ అనకుండా ఎదురుగా నిలబడ్డాడు. పక్కాయన "అది సార్ కుర్చీ" అన్నాడు. బాపు లేచి ఇంకో దాంట్లోకి మారాడు. అదీ ఎవరిదో. చివరికి తలుపు పక్కన, చెప్పుల దగ్గర ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఆ 11 రోజులూ అక్కడే కూర్చున్నాడని తర్వాత తెలిసింది.

"మీరు ఏ డిపార్ట్‌మెంట్‌ల రిటైరయిన్రు?" అని అడిగారు. "మిల్లుల చేసిన" అన్నాడు బాపు, గట్టిగా. మళ్లీ ఎవరూ ఏమీ అడగలేదు. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రిటైరైన టీచర్లు, ఆఫీసుల్లో పనిచేసినవాళ్లు. మాటలన్నీ డీఏ గురించి, పెన్షన్ బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి. ఆయనకు అందులో కలవడానికి ఒక్క మాట కూడా లేదు. ఇరవై ఏళ్లుగా రోజూ కలిసి కూర్చునేవాళ్లు కదా, వాళ్లు చెడ్డవాళ్లని నేననుకోను. కానీ కొత్తగా వచ్చిన మనిషిని పలకరించే పని ఎవరిదీ కాకపోతే ఇలాగే అవుతుంది. మిగతావన్నీ సర్దుకోవచ్చు, ఇది మాత్రం సర్దుకోలేం.

ఇంకో సంగతి. ఏళ్ల తరబడి మగ్గాల మోతలో పనిచేసినవాళ్లకు చెవులు దెబ్బతింటాయి. మా బాపుకు సరిగా వినపడదు కాబట్టి తనూ గట్టిగా మాట్లాడతాడు. తెలియనివాళ్లకు కొట్లాడుతున్నట్టు అనిపిస్తుంది. "మెల్లగ మాట్లాడు, ఇది బజారు కాదు" అని ఎవరో అన్నారట. ఆ రోజే ఇంటికొచ్చి "ఇగ నేను పోను బిడ్డా, చుట్టం చూపుకు పోయినోని లెక్క చూస్తున్నరు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ చెవులు పోయింది మమ్మల్ని చదివించడానికే కదా.

వసతుల విషయం కూడా చెప్తాను, ఎందుకంటే పైపైన చూస్తే ఇవి కనపడవు. ముందు ర్యాంపు ఉంది. నేను సివిల్ పనుల్లో ఉంటాను కాబట్టి టేపుతో కొలిచాను. మూడు మెట్లు, మొత్తం ఎత్తు 18 అంగుళాలు. ప్రమాణం ప్రకారం ర్యాంపు అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి. అంటే అక్కడ 18 అడుగులు కావాలి. వాళ్లు కట్టింది నాలుగున్నర అడుగులు. బండి ఎక్కించడానికి బాగుంటుంది, వాకర్ పట్టుకున్న మనిషి దాని మీద నుంచి దిగితే జారి పడతాడు. పట్టుకోవడానికి పైపు కూడా లేదు. రెండు బాత్రూముల్లో ఒకదాని నిండా పాత ఫ్లెక్సీలు, విరిగిన కుర్చీలు. రెండో దాంట్లో కమోడ్ లేదు, నేల మీద కూర్చునేదే, లేవడానికి గోడకు పట్టు లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మధ్యాహ్నం దాకా నీళ్లు తాగకుండా ఉండేది దానికే. ఆడవాళ్లకు విడిగా బాత్రూమ్ లేదు. పెద్దమ్మలు ఎందుకు రారని అడగాల్సిన పనే లేదు.

అందుకే మీ అమ్మగారి విషయం విడిగా ఆలోచించండి. "అమ్మానాన్నలను పంపుతాను" అంటే చాలా చోట్ల నాన్న ఒక్కరే పోవాల్సి వస్తుంది, అమ్మ ఇంట్లో ఒంటరిగా మిగిలిపోతుంది. ఆమెకు గుడిలో భజన బృందమో, వాడకట్టులో తోటి ఆడవాళ్లో ముందు చూడండి.

నేను ఊరుకోలేదు. కమిటీ పెద్దమనిషిని కలిస్తే "మీ నాయన కొంచెం అడ్జస్ట్ కావాలె" అన్నాడు. తర్వాత ఒక సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి పోయి ర్యాంపు కొలతలు, బాత్రూమ్ ఫొటోలు జతచేసి దరఖాస్తు ఇచ్చాను. రెండు నెలలకు బాత్రూమ్ గోడకు స్టీలు పైపు బిగించారు, ఫ్లెక్సీలు తీసేశారు. ర్యాంపు అలాగే ఉంది.

ఫిర్యాదు చేయాలంటే ముందు ఆ కేంద్రాన్ని నడిపేది ఎవరో కనుక్కోండి. సంఘమా, కార్పొరేషనా, సంక్షేమ శాఖా అన్నది తెలియకపోతే కాళ్లరిగేలా తిరగడమే. ప్రభుత్వ డబ్బుతో నడిచేదైతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. చాలామంది 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టం పేరు చెప్తారు. అది ముఖ్యంగా పిల్లలు పోషించకపోతే ఆర్డీవో స్థాయి అధికారి ఉండే ట్రిబ్యునల్‌కు పోవడానికి, పేద వృద్ధులకు ఆశ్రమాలు పెట్టడానికి. పగటి కేంద్రంలో తాళం టైముకు తీయలేదంటే ఆ చట్టం అక్కరకు రాదు. మీరు దూరంగా ఉంటారు కాబట్టి 14567 నంబరు అమ్మానాన్న ఫోన్లలో సేవ్ చేసిపెట్టండి. అది వృద్ధుల కోసం పెట్టిన ఎల్డర్‌లైన్, డబ్బులు పడవు. తెలుగులోనే మాట్లాడతారు, ఏ సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్తారు.

మీ నాన్నగారికి వినికిడి సమస్య ఉంటే ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. మేం ఆలస్యం చేశాం. మిషన్ పెట్టించాక బాపు గొంతు దానంతట అదే తగ్గింది. పేద వృద్ధులకైతే రాష్ట్రీయ వయోశ్రీ యోజన క్యాంపుల్లో చెవి మిషన్లు, వాకర్లు ఉచితంగా ఇస్తారు.

ఇప్పుడు మేం ఏం చేస్తున్నామంటే, మంగళవారం నాకు వీక్లీ ఆఫ్. బాపును బస్సులో కరీమాబాద్ తీసుకెళ్తాను. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి నాకు మహాలక్ష్మి జీరో టికెట్, ఆయనకు టికెట్ కొంటాను. అక్కడ చాయ్ హోటల్ ముందు బల్ల మీద మిల్లులో పనిచేసినవాళ్లు నలుగురైదుగురు కూర్చుంటారు. అందరివీ మగ్గాల చెవులే, అందరూ గట్టిగానే మాట్లాడతారు. మెల్లగా మాట్లాడమని ఎవరూ అనరు. సాయంత్రం నేను పోయేసరికి "అప్పుడే వచ్చినవా" అంటాడు. వారానికి ఒక్క రోజే, ఇంకా ఎక్కువ కుదిరితే బాగుండునని ఉంది.

మీరైతే ఈసారి సెలవు మీద వచ్చినప్పుడు ముందు మీరొక్కరే పోయి చూడండి, పొద్దున తాళం తీసే వేళకు ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి. బాత్రూమ్ తలుపు తీసి చూడండి. ఊడ్చే మనిషిని పక్కకు పిలిచి, ఈ ఏడాది కొత్తగా చేరినవాళ్లు ఎవరైనా ఇంకా వస్తున్నారా అని అడగండి. రావడం లేదంటే కారణం ఆమెకే తెలుస్తుంది. బాగుందనిపిస్తే నాన్నగారితో వారం రోజులు మీరూ పోయి కూర్చోండి, నలుగురితో పరిచయం చేయండి. సభ్యత్వం డబ్బులు ఆ తర్వాతే కట్టండి. నేను మొదటి రోజే కట్టి, ఆయనను అక్కడ దించేసి డ్యూటీకి పోయాను.