గ్రీన్ జోన్ మారుతుందంట, 20 సెంట్లు కొనేయమంటారా?

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి రూరల్. నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్, మా ఆయన రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ కంపెనీలో సూపర్‌వైజర్. ఇద్దరిదీ కలిపి నెలకి 68 వేలు వస్తుంది. రామచంద్రాపురం వైపు 20 సెంట్లు అమ్మకానికి వచ్చింది, సెంటు 2 లక్షలు. ఇప్పుడు గ్రీన్ జోన్‌లో ఉంది కానీ కొత్త మాస్టర్ ప్లాన్‌లో రెసిడెన్షియల్ అయిపోతుంది, పక్క లేఅవుట్‌లో ఇప్పుడే సెంటు 4.5 లక్షలు పోతోంది అని మధ్యవర్తి చెప్తున్నాడు. 2019లో నాలా కట్టిన కాగితం కూడా చూపించినాడు. మా దగ్గర ఎఫ్‌డీలు 25 లక్షలు ఉన్నాయి, నా బంగారం పెట్టి 10 లక్షలు, తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి 8 లక్షలు తెద్దామనుకుంటున్నాం. పిల్లోడు ఇంటర్ ఫస్టియర్. ఫోన్‌పేలో 50 వేలు టోకెన్ ఇచ్చేశాం. రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు. కొనొచ్చా?

జవాబు: వద్దమ్మా. ఈ రేటుకి, ఈ అప్పుతో అస్సలు వద్దు. భూమి చెడ్డదని కాదు, అది నేను చూడలేదు, బంగారం లాంటి భూమే అయ్యుండొచ్చు. కానీ జోన్ మారితే వచ్చే లాభం కోసం మీరు కొంటున్నారు కదా, ఆ లాభంలో కొంత ఇప్పుడే అమ్మేవాళ్లకి కట్టేస్తున్నారు, మారేదాకా ఆగే ఖర్చు మాత్రం మొత్తం మీ మీదే పడుతుంది. లెక్క కింద చూపిస్తా, ముందు ఆ కాగితం సంగతి చూద్దాం.

మధ్యవర్తి నాలా కాగితం చూపించి జోన్ గురించి మాట్లాడినాడు చూడండి, మన ఊర్లో సగం మంది ఇక్కడే పడిపోతారు. ఈ రెండూ వేరే వేరే. నాలా అనేది రెవెన్యూ వాళ్లది, 2006 చట్టం, పొలాన్ని వ్యవసాయేతర భూమిగా మార్చుకోడానికి ఫీజు కట్టి తీసుకునే కాగితం. జోన్ అనేది మాస్టర్ ప్లాన్‌లో ఉండేది, ఏ భూమిని దేనికి వాడాలో చెప్తుంది, మ్యాప్‌లో ఆకుపచ్చ అంటే సాగుకి, పసుపు అంటే ఇళ్లకి. మన దగ్గర దాన్ని తుడా (తిరుపతి అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ) చూసుకుంటుంది. నాలా కట్టినంత మాత్రాన తుడా మ్యాప్‌లో ఆకుపచ్చ రంగు పసుపు కాదు. ఆ నాలా చట్టాన్ని కూడా 2025లో రద్దు చేసేశారు, ఇప్పుడు దాని బదులు డెవలప్‌మెంట్ చార్జీలని ప్లాన్ అప్రూవల్ అప్పుడు కడతారు, కాబట్టి ఆ 2019 కాగితం పాతదాన్ని క్లియర్ చేసిందేమో గానీ కొత్తగా మీకు ఇల్లు కట్టుకునే హక్కు ఏమీ ఇవ్వదు. ఈ రెండూ కాక మూడోది ఉంది, లేఅవుట్ అప్రూవల్, దాని తర్వాత బిల్డింగ్ ప్లాన్. జోన్ మారినా లేఅవుట్ లేకపోతే ప్లాన్ రాదు, ప్లాన్ లేకపోతే బ్యాంకు హోమ్ లోన్ ఇవ్వదు.

ఇంకోటి, రిజిస్ట్రేషన్ అవుతుంది కదా అని ధైర్యం తెచ్చుకోవద్దు. 22ఏ లిస్టులో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) లేకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గ్రీన్ జోన్ భూమి కూడా మామూలుగానే రిజిస్టర్ అయిపోతుంది, ఎందుకంటే వాళ్లు ఎవరిది ఎవరికి పోతోంది అనేది చూస్తారు, అక్కడ ఏం కట్టొచ్చో చూడరు. కరెంట్ మీటర్, పంచాయతీ ఇంటి పన్ను రసీదు కూడా అంతే, అవేవీ పర్మిషన్ కాదు.

సరే, జోన్ ఎట్ల మారుతుందో చెప్తా. రెండు దార్లు ఉన్నాయి. ఒకటి, భూమి ఓనర్ తన సర్వే నంబర్‌కి ల్యాండ్ యూజ్ మార్చమని సొంతంగా అప్లై చేసుకోవడం, దానికి రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఏముంది అని తుడా రిపోర్ట్ పెట్టాలి, అది గవర్నమెంట్‌కి పోవాలి, వాళ్లు ముందు డ్రాఫ్ట్ నోటిఫికేషన్ ఇచ్చి అభ్యంతరాలు అడుగుతారు, చార్జీలు కట్టించుకుంటారు, ఆ తర్వాత ఫైనల్ జీవో. రెండోది, మాస్టర్ ప్లాన్ మొత్తాన్నే కొత్తగా చేసేటప్పుడు మారడం. దాంట్లో కూడా డ్రాఫ్ట్ వేరే, మంజూరైన ప్లాన్ వేరే. డ్రాఫ్ట్‌లో పసుపుగా ఉన్న సర్వే నంబర్ ఫైనల్‌లో రోడ్డు కింద పోవచ్చు, పార్కు అవ్వచ్చు, మళ్లీ ఆకుపచ్చగానే మిగలొచ్చు. వాట్సాప్‌లో వచ్చే మ్యాపులు, స్కెచ్ పెన్‌తో గీసిన జిరాక్సులు ఏ ఆఫీసులోనూ పనికిరావు. మీరు పోయి తుడాలో సర్వే నంబర్ ఇచ్చి, ఈరోజుకి ఏ జోన్‌లో ఉందో రాతపూర్వకంగా తీసుకోండి, ఖర్చు పెద్దగా ఉండదు, మధ్యవర్తిని తోడు తీసుకుపోవద్దు.

ఇప్పుడు లెక్క. పెన్ను తీసుకోండి.

20 సెంట్లు 40 లక్షలు. మన స్టేట్‌లో స్టాంప్ డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం, అంటే 3 లక్షలు. కలిపి 43. (మధ్యవర్తి తక్కువకి రాయిద్దాం అంటాడు, ఒప్పుకోవద్దు. రేపు అమ్మేటప్పుడు మీరు కొన్న ధర కాగితం మీద తక్కువ కనపడుతుంది, అప్పుడు లాభం ఎక్కువైనట్టు, టాక్స్ మీ నెత్తిన.) ఈ 43లో మీ డబ్బు 25, అప్పు 18. బంగారం మీద 10 లక్షలకి 10 శాతం వేసుకున్నా ఏడాదికి లక్ష. రెండు రూపాయల వడ్డీ అని తేలిగ్గా అంటాం గానీ అది నెలకి నూటికి రెండు, ఏడాదికి 24 శాతం, 8 లక్షలకి 1 లక్షా 92 వేలు. మొత్తం ఏడాదికి 2.92 లక్షలు, నెలకి 24 వేల పైచిలుకు. మీ ఇంటికొచ్చేది 68 వేలు. వడ్డీకే మూడో వంతు దాటిపోయింది, అసలు ఒక్క రూపాయి తగ్గకుండా.

అయిదేళ్లు ఆగాల్సొచ్చింది అనుకుందాం. వడ్డీ 14.6 లక్షలు. మీ 25 లక్షలు 7 శాతం ఎఫ్‌డీలో ఊరికే పడుంటే 35 లక్షలు అయ్యుండేవి, అది కూడా ఖర్చే కదా. 35 ప్లస్ 18 ప్లస్ 14.6, అంటే 67.6 లక్షలు చేతికి వస్తేనే మీరు నష్టపోకుండా బయటపడినట్టు.

వచ్చేదెంత? మధ్యవర్తి 20 ఇంటూ 4.5, తొంభై లక్షలు అని చెప్పుంటాడు. తప్పు. 4.5 లక్షలు అనేది లేఅవుట్ వేసి, రోడ్లు పోసి, కాలువలు కట్టి, పార్కుకి స్థలం వదిలేసిన తర్వాత మిగిలిన ప్లాటు రేటు. రోడ్లకి, కనీసం 10 శాతం ఖాళీ స్థలానికి పోగా నూటికి అరవై సెంట్లు చేతికొస్తే మంచి లేఅవుటే. మీ 20 సెంట్లలో 12. పన్నెండు ఇంటూ 4.5 అంటే 54 లక్షలు. మేం లేఅవుట్ వేయం, మొత్తంగా అమ్మేస్తాం అంటారా, కొనే డెవలపర్ ఇదే లెక్క వేసుకుని దాంట్లోంచి వాడి లాభం కూడా తీసేసుకుని మీకు రేటు చెప్తాడు.

అయిదేళ్లలో రేటు పెరగదా అంటే, పెరగచ్చు. 4.5 కాస్తా 6 అయ్యింది అనుకోండి, 72 లక్షలు. 67.6 తీసేస్తే 4.4 మిగిలింది. ఇప్పుడు టాక్స్. రెండేళ్లు దాటినాక అమ్మే భూమికి లాభం మీద 12.5 శాతం, సెస్ అదనం. 72 లోంచి 43 తీస్తే 29 లక్షల లాభం, టాక్స్ 3.77 లక్షలు. ఇంక మిగిలింది అరలక్ష దాటి కొంచెం. దీంట్లోంచి జోన్ మార్పిడి చార్జీలు కట్టాలి, రోడ్లు వేయాలి, మధ్యవర్తికి కమిషన్ ఇవ్వాలి. జోన్ మారి, అన్నీ అనుకున్నట్టు జరిగితేనే పరిస్థితి ఇది. మారకపోతే అనే లెక్క నేను వేయడం కూడా లేదు.

టాక్స్ దగ్గర ఒక మాట, వ్యవసాయ భూమికి టాక్స్ లేదు కదా అని మీ ఆయన అనొచ్చు. పల్లెలో ఉన్న సాగుభూమికే అది వర్తిస్తుంది. జనాభా లక్ష నుంచి పది లక్షల మధ్య ఉన్న ఊరైతే మున్సిపల్ హద్దు నుంచి 6 కిలోమీటర్లు దాటి ఉండాలి, రోడ్డు మీద కాదు, గాల్లో కొలిచిన దూరం. తిరుపతి 2011 జనాభా లెక్కల్లో 2.87 లక్షలు, చిత్తూరు కూడా లక్ష దాటిందే, రెండింటికీ ఈ 6 కిలోమీటర్ల లెక్కే. పైగా మీరు ఇళ్ల స్థలంగా మార్చి అమ్ముతానంటున్నారు, అప్పుడు అది సాగుభూమే కాదు.

రామచంద్రాపురం వైపు అన్నారు కాబట్టి ఇంకో సంగతి. 2021 నవంబర్ వానలకి రాయలచెరువు కట్ట లీకై కింద ఊర్లన్నీ ఖాళీ చేయించినారు గుర్తుందా. ఆ చెరువుకి, దాని కాలువలకి మీ భూమి ఎంత దూరమో చూసుకోండి. 10 హెక్టార్లు దాటిన చెరువైతే నీళ్లు పూర్తిగా నిండినప్పుడు వచ్చే అంచు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువైతే 9 మీటర్లు వదలాలి, అందులో ఏమీ కట్టనివ్వరు. జోన్ మారినా ఈ బఫర్ మారదు. అట్లే 22ఏ. మన తిరుపతి చుట్టుపక్కల మఠం భూములు, దేవస్థానం భూములు, డీకేటీ పట్టాలు (గవర్నమెంట్ పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూములు) చాలా ఉన్నాయి, ఎండాకాలంలో పోయి చూస్తే అన్నీ ఒకే రకం మట్టి, కాగితాల్లోనే తేడా. ఈసీ (భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే కాగితం) కనీసం 30 ఏళ్లకి తీయించండి, అడంగల్, 1బీ అనే రెవెన్యూ రికార్డులు చూడండి, ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే నంబర్ కొలతల పటం) పట్టుకుని సర్వేయర్‌తో కొలిపించండి. 20 సెంట్లు అనేది పెద్ద సర్వే నంబర్‌లోంచి కోసిన ముక్కే అయ్యుంటుంది, సబ్ డివిజన్ అయ్యిందా, దారి ఎవరి భూమిలోంచి పోతోంది, ఆ దారి డాక్యుమెంట్‌లో రాసుందా అనేవి అడగండి. ప్లాన్‌లో రోడ్డు మీ ముక్క మీదుగా గీసుంటే ఆ మేర వదులుకోవాల్సిందే, బదులుగా టీడీఆర్ బాండ్లు (పోయిన స్థలానికి డబ్బు కాకుండా, వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు ఇచ్చే కాగితాలు) ఇవ్వచ్చు, కానీ బాండు బ్యాంకు వడ్డీ కట్టదు కదా.

అంత ఇష్టంగా ఉంటే ఒక పద్ధతి ఉంది. ఓనర్‌తో (మధ్యవర్తితో కాదు) రిజిస్టర్డ్ అగ్రిమెంట్ రాయించుకోండి, అడ్వాన్స్ లక్షో రెండు లక్షలో, ఫైనల్ జీవో వచ్చినాకే మిగతా డబ్బు, ఫలానా తేదీలోపు రాకపోతే అడ్వాన్స్ వెనక్కి. అంత గట్టిగా జోన్ మారుతుందని చెప్పేవాళ్లు దీనికి ఒప్పుకోవాలి. ఒప్పుకోరు, ఏం చెప్తారో కూడా చెప్తా, "వేరే పార్టీ రేపు ఫుల్ పేమెంట్ ఇస్తా ఉండాడు మేడం" అంటారు. ఇవ్వనీయండి.

మరి 25 లక్షలు ఏం చేయాలంటే, ముందు 4 లక్షలు పక్కన పెట్టండి, ప్రైవేట్ జాబులు ఇద్దరివీ, ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. పిల్లోడి బీటెక్ రెండేళ్లలో మొదలు, దానికి 6 లక్షలు ఎఫ్‌డీలోనే ఉంచండి, దాని జోలికి పోవద్దు (ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకే డిపాజిట్ ఇన్సూరెన్స్, కాబట్టి రెండు బ్యాంకుల్లో పెట్టుకోండి). భూమి మీద మనసుంది కాబట్టి మిగతా 15 లక్షల్లో తుడా అప్రూవ్డ్ లేఅవుట్‌లో 3 సెంట్ల ప్లాటు చూడండి, అదే 4.5 రేటుకి 13.5 లక్షలు, రిజిస్ట్రేషన్ లక్ష చిల్లర, అప్పు లేకుండా అయిపోతుంది. ఎల్‌పీ నంబర్ (లేఅవుట్ అప్రూవల్‌ది), రెరా నంబర్ (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థది) రెండూ అడిగి, ఆన్‌లైన్‌లో మీరే కొట్టి చూసుకోండి. రేటు అంకణాల్లో చెప్తే జాగ్రత్త, మన దగ్గర అంకణం 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72, అటునుంచి వచ్చిన వ్యాపారి ఏ లెక్కలో చెప్తున్నాడో అడగాలి. సెంటుకి మన అంకణాలు 12 పైన కొంచెం. ఎల్ఆర్ఎస్ (అప్రూవల్ లేని లేఅవుట్లని ఫీజు కట్టించుకుని క్రమబద్ధం చేసే స్కీము) కట్టేసుకుంటే సరిపోతుంది అని అప్రూవల్ లేని ప్లాటు తక్కువకి ఇస్తామంటే వద్దు, ఆ స్కీము కటాఫ్ తేదీకి ముందే రిజిస్టర్ అయిన ప్లాట్లకే, కొత్తగా కొన్నవాళ్లకి కాదు.

టోకెన్ 50 వేల సంగతి. ఫోన్‌పేలో ఇచ్చారు కాబట్టి ఆధారం ఉంది, అది మంచిదైంది. ఎవరి నంబర్‌కి పోయిందో చూడండి, ఓనర్‌కా, మధ్యవర్తికా. రసీదు రాసుంటే దాంట్లో జోన్ గురించి ఏమన్నా ఉందా, ఎన్నిరోజుల్లో రిజిస్ట్రేషన్ అని ఉందా చదవండి. రెసిడెన్షియల్ అవుతుందని మధ్యవర్తి వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్‌లు, వాయిస్‌లు ఉంటే డిలీట్ చేయొద్దు. తుడా నుంచి గ్రీన్ జోన్ అని రాతపూర్వకంగా వచ్చిన కాగితం ముందర పెట్టి, మీరు చెప్పిందానికి ఇది పొసగడం లేదు, డబ్బు వెనక్కివ్వండి అని మర్యాదగానే అడగండి, ఇద్దరు పెద్దమనుషుల్ని కూర్చోబెడితే సగమన్నా వస్తుంది చాలాసార్లు. ఒకవేళ మొత్తం పోయినా, మీరు తెద్దామనుకున్న అప్పుకి రెండు నెలల వడ్డీ అది. ఆ 50 వేల కోసమని 43 లక్షల్లో దిగొద్దు, మీ బంగారం లాకర్లోంచి కదపొద్దు.