బైపీసీ అమ్మాయి మెదడు మీద పరిశోధన చేస్తానంటోంది, పంపించొచ్చా?

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయి నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. నీట్ లాంగ్‌టర్మ్ వద్దంటోంది. మనుషులు ఆకలి లేకపోయినా ఎందుకు తింటారో మెదడులో వెతికే చదువు చదువుతానంటోంది. తనూ కాస్త లావుగా ఉంటుంది. చుట్టాలు వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అంటుంటారు. ఆ బాధతోనే ఇటు వెళ్తానంటోందేమోనని నా టెన్షన్. అసలు ఇలాంటి చదువు ఉందా? ఉద్యోగం వస్తుందా?

జవాబు: ఉందండీ, దాన్ని న్యూరోసైన్స్ అంటారు. దానికి పునాది వేసినవాళ్లలో మన దేశస్థుడు కూడా ఉన్నారు. 1951లో బాల్ కృష్ణ ఆనంద్ అమెరికాలో బ్రోబెక్ అనే శాస్త్రవేత్తతో కలిసి పనిచేస్తూ, మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లో పక్క భాగాన్ని దెబ్బతీస్తే ఎలుకలు తిండి మానేస్తాయని చూపించారు. ఆ తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో ఫిజియాలజీ విభాగాన్ని నిలబెట్టింది ఆయనే. 1994లో లెప్టిన్ సంగతి తెలిసింది. ఒంట్లో కొవ్వు ఎంత నిల్వ ఉందో మెదడుకి చేరవేసే హార్మోన్ అది.

ఇప్పుడు పరిశోధన ఆ ఒక్క భాగాన్ని దాటి చాలా దూరం వచ్చింది. నెల్లూరు ట్రంకు రోడ్డులో సుష్టుగా భోంచేసి బయటికొచ్చారనుకోండి. స్వీటు షాపు అద్దం వెనక మలై కాజా కనబడుతుంది. ఆకలి లేదు, అయినా కాళ్లు ఆగుతాయి. కంటపడ్డవాటిలో దాన్నే ముఖ్యమని పట్టుకునేది మెదడులో ఒక నెట్‌వర్క్. ఎప్పుడో తిన్న రుచి గుర్తుచేసి కావాలనిపించేది ఇంకొకటి. ‘వద్దులే, పోదాం పద’ అనేది నుదుటి వెనక భాగంతో ముడిపడిన మరొకటి. ఇవి ఎంత బలంగా కలిసి పనిచేస్తున్నాయో ఎఫ్‌ఎంఆర్‌ఐ అనే, మెదడు పనిచేస్తుండగా తీసే స్కాన్‌తో చూస్తారు. ఊబకాయం ఉన్నవాళ్లలో ఈ అనుసంధానం కొంత తేడాగా ఉందని చాలా అధ్యయనాల్లో కనిపించింది. అయితే ఆ తేడా వల్ల లావయ్యారా, లావయ్యాక ఆ తేడా వచ్చిందా అనేది ఒక్క స్కాన్‌తో తేలదు. అమ్మాయి లాంటి వాళ్లకి ఇంకా బోలెడు పని మిగిలి ఉంది.

ఆ పనిలో రోజూ చేసేదేమిటో కూడా ముందే తెలియాలి. స్కానర్‌లో పడుకున్న మనిషి ఊపిరి తీసినప్పుడల్లా తల రవ్వంత కదులుతుంది. బరువు ఎక్కువున్నవాళ్లలో ఈ కదలిక సగటున ఎక్కువ. దాన్ని లెక్క కట్టి తీసెయ్యకపోతే, తల కదలడమే మెదడులో తేడాలాగా కనబడి పరిశోధకుణ్ణి మోసం చేస్తుంది. విద్యార్థులు నెలల తరబడి కంప్యూటర్ ముందు కూర్చుని చేసేది ఇలాంటి శుభ్రం చేసే పనే. పైగా మెదడు అనుసంధానానికీ మనిషి ప్రవర్తనకీ ఉన్న సంబంధాన్ని నమ్మకంగా చెప్పాలంటే వేలమంది స్కాన్‌లు కావాలని 2022లో నేచర్ పత్రికలో వచ్చిన విశ్లేషణ తేల్చింది. అంత డేటాని పట్టాలంటే స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్ రావాలి. బైపీసీ తీసుకున్నాం కదా, లెక్కల పీడ వదిలిందని ఆమె అనుకుంటుంటే మాత్రం ఈ దారి చాలా కష్టం. ఆమెని కూర్చోబెట్టి మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

మీకు దగ్గరలో ఉన్నది తిరుపతి ఐసర్, కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ. అయిదేళ్ల బీఎస్-ఎంఎస్. ప్రవేశ పరీక్ష ఐఏటీని బైపీసీ వాళ్లూ రాయొచ్చు, కాకపోతే అందులో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్‌తో సమానంగా లెక్కలూ ఉంటాయి. సీటు రాకపోతే కొంపేం మునిగిపోదు. సైకాలజీ గానీ, లైఫ్ సైన్సెస్‌తో స్టాటిస్టిక్స్ గానీ ఉన్న డిగ్రీ చేసి ఆ పైన ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు. పరిశోధనకి బెంగళూరులో ఐఐఎస్‌సీ, నిమ్‌హాన్స్, హర్యానాలోని మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ఉన్నాయి. హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ, ట్రిపుల్ ఐటీ ఉన్నాయి.

ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతాను. పీహెచ్‌డీ అయ్యేసరికి ముప్పై దగ్గరపడుతుంది. పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకి 37,000 రూపాయలు ఇస్తారు కాబట్టి ఆ రోజుల్లో మీమీద భారం పడదు. ప్రొఫెసర్ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. అదే స్కాన్ డేటాని విశ్లేషించడం వచ్చినవాళ్లు మెడికల్ ఇమేజింగ్, మందుల కంపెనీల వైపు కూడా వెళ్లొచ్చు. ఆకలి తగ్గించే సెమాగ్లూటైడ్ లాంటి మందులు వచ్చాక ఊబకాయం మీద కంపెనీల ఆసక్తి బాగా పెరిగింది. పెళ్లి వయసు దాటిపోతుందని మధ్యలో ఆపించే ఆలోచన ఉంటే మాత్రం దయచేసి ఈ దారిలో పంపకండి. సగంలో ఆగిన పీహెచ్‌డీ పిల్లని చాలా కుంగదీస్తుంది.

ఇక బాధతో అంటోందేమోనన్నారు. అయితే ఏమండీ? తన ఒంటి మీదే పుట్టిన ప్రశ్నకి జవాబు వెతుక్కుందామనుకోవడం మంచి కారణమే. కానీ ఆమె ఆరోగ్యాన్ని చదువుతో కలపకండి. మనవాళ్లలో పెద్దవాళ్లకైతే మామూలుగా బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్కేస్తారు. అది ఒకసారి చూసి, థైరాయిడ్, పీసీఓడీ పరీక్షలు చేయించండి. హాస్టల్లో రాత్రి ఎన్ని గంటలు పడుకుంటోందో అడగండి. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది, తిండి కనబడితే మనసు లాగడమూ పెరుగుతుంది. లావు గురించి సూటిపోటి మాటలు పడేవాళ్లు ఇంకా ఎక్కువ తినడం, ఇంకా బరువు పెరగడం పరిశోధనల్లో మళ్లీ మళ్లీ కనిపించింది. ఆ చుట్టాలని పిల్ల ఎదిరించలేదు, ఆ మాట మీరే చెప్పాలి.

ఇంటర్ పరీక్షలయ్యాక ఐఏటీకి ఎక్కువ సమయం దొరకదు. ఈలోగా నెల్లూరులోనే లెక్కలు చెప్పేవాళ్లని ఒకర్ని చూడండి, ఆదివారాలు వెళ్లొచ్చినా చాలు. పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ లెక్కల పుస్తకం నుంచి మొదలుపెట్టించండి.