మూడేళ్ళ బాబుకి ఆటిజం, ఊళ్ళో థెరపిస్ట్ లేరు, ఆన్‌లైన్ మెంటరింగ్ పనికొస్తుందా?

వీడియో కాల్‌లో పేరెంట్స్‌కి నేర్పిస్తారంట, చేరితే డబ్బులు దండగేనా అని అడిగారు కదా. మాదీ ఇదే కథ అండి, ఒంగోలు దగ్గర పల్లెటూరు, మావాడికి ఇప్పుడు ఏడేళ్ళు.

ముందు ఒకటి చెప్తా, ఆ క్లాసు పిల్లాడికి కాదు, మనకి. ఇది తెలీకే మొదట చేరినచోట నెల డబ్బులు పోగొట్టుకున్నా, నేర్పే ఆవిడ అక్కణ్ణుంచి ఫ్లాష్‌కార్డులు (బొమ్మల కార్డులు) చూపించేది, వీడేమో వెళ్ళి కీబోర్డు మీద కూర్చునేవాడు.

రెండోచోట మేడమ్ అసలు వాణ్ణి పిలవమనే అనలేదు. టిఫిన్ పెట్టేటప్పుడు ఐదు నిమిషాలు వీడియో తీసి పంపమన్నారు, పంపితే కాల్‌లో నా వీడియో నాకే వేసి చూపించారు. వాడు పాలగ్లాసు వంక చూడ్డం ఆలస్యం, 'పాలా నాన్నా, ఇదిగో పాలు, తాగు' అని గడగడా వాగేసి చేతికిచ్చేస్తున్నా, ఇంక వాడికి అడిగే పనేముంది! గ్లాసు పట్టుకుని 'పా...' అని ఆపి, మనసులో ఐదు లెక్కపెట్టండమ్మా, అనకపోయినా ఇచ్చేయండి, ఏడిపించొద్దు అన్నారు. ఐదంకెలు అంత పొడుగని నాకప్పుడే తెలిసింది. అత్తమ్మ అయితే బిడ్డ నోటికాడ పాలు ఆపుతావా అని ఇంతెత్తు లేచింది (తర్వాత ఆవిణ్ణీ కాల్‌లో కూర్చోబెట్టా, ఇప్పుడు నాకన్నా ఆవిడే బాగా ఆగుతుంది). మూడోవారంలో ఓ పొద్దున గ్లాసు మీద చెయ్యేసి 'పా' అన్నాడు.

అన్నీ ఫోన్లో అయిపోవు, అసెస్‌మెంట్ మాత్రం ఎదురుగా చేయించండి, వినికిడి టెస్టు కూడా. మేం రైలెక్కి సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో ఎన్ఐఈపీఐడీకి (మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ) వెళ్ళాం, ఎన్ఐఎంహెచ్ అని పాతపేరు చెప్తేనే ఆటో అతనికి అర్థమైంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో ఆటిజం కూడా ఒకటి కాబట్టి వైకల్య సర్టిఫికెట్ వస్తుంది, అది చేతికొచ్చాక నేషనల్ ట్రస్ట్ (ఇదీ కేంద్ర ప్రభుత్వ సంస్థే) వాళ్ళ నిరామయ ఆరోగ్య ఇన్సూరెన్స్‌కి పెట్టుకోండి, లక్ష రూపాయల దాకా కవరేజీ, థెరపీ ఖర్చులకీ కొంత వస్తుంది.

చేరేముందు మా ఇంటి వీడియో చూసి చెప్తారా, తెలుగులో మాట్లాడతారా అని అడగండి. ఆరునెలల్లో పూర్తిగా నయం చేస్తాం అన్నారా, ఫోన్ పెట్టేయండి.

ఆ, ఫోన్ కిటికీ గూట్లో పిల్లాడి మొహం ఎత్తులో పెట్టండి. మా మొదటి వీడియోల్లో సగం ఫ్యానే పడింది.